పై వీధి పేర్లు

ఆ వేసవిలో నన్ను తిట్టని మనిషి మా తాష్‌బులాక్‌లో లేడు. కింది వీధి వాళ్ళు మొహం మీదే తిట్టారు. పై వీధి వాళ్ళు నా చేత టీ పోయించుకుంటూ తిట్టారు. నేనూ తక్కువ తినలేదు, అందరికీ మనసులోనే తిరిగి వడ్డించాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో నోరు మెదపకుండా తిట్టడం నాకు బాగా అలవాటైంది.

మా ప్రాంతీయ నీటి సంస్థలో నేను కంట్రోలర్ని. సంస్థ ఏడు ఊళ్ళకి కుళాయి నీళ్ళిస్తుంది. మా ఊరికి మాత్రం మూడో నంబరు బోరు ఒక్కటే దిక్కు. ఇంటింటికీ తిరిగి మీటర్లు చూడటం, కారే పైపులు రాసుకోవడం, తాగే నీళ్ళు తోటకి పెట్టేవాళ్ళని పట్టుకోవడం నా ఉద్యోగం. తోటలకి కొండ కాలువ ఉంది, దానికి వంతులున్నాయి. ఆ ఏడు కొండ మీద మంచు సరిగా పడలేదు. వారానికి రావలసిన వంతు పద్దెనిమిది రోజులకి గానీ రాలేదు. దాంతో ఊరు ఊరంతా కుళాయిలకి గొట్టాలు తగిలించింది.

జూన్ మొదటి వారంలో బోరు దగ్గరికి వెళ్ళేసరికి వేరా స్తెపానోవ్నా అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఆవిడ మా సంస్థలో భూగర్భ జలాల లెక్క చూస్తుంది. డెబ్బైకి దగ్గర పడ్డా ఇంటికి పొమ్మనే ధైర్యం ఎవరికీ లేదు. టేపు చివర చిన్న ఇనుప మూత బోర్లించి కట్టి ఉంటుంది. దాన్ని బోరులోకి దింపితే నీళ్ళకి తగలగానే టప్పుమంటుంది. ఆ చప్పుడు వినగానే టేపు మీద అంకె చూడాలి. ఆవిడ చెవి బోరు గొట్టానికి ఆనించి చాలాసేపు దింపుతూనే ఉంది.

“నలభై ఒకటి,” అంది చివరికి. “పోయినేడు ఇదే రోజుకి ముప్ఫై ఆరు మీటర్లు.”

“పంపు ఎంత లోతులో ఉంది?”

“నలభై ఆరు. నీళ్ళు నలభై అయిదు దాటి దిగాయంటే పంపు ఇసక లాగుతుంది. ఒక్కసారి ఇసక లాగిందా, ఈ బోరు చచ్చినట్టే. కొత్తది వేసేదాకా మీ ఊరంతా ట్యాంకరు వెనకాల పరిగెత్తాలి.”

“చలికాలమంతా నేలకి నీళ్ళు పట్టించాం కదా?”

“పట్టించాం. కాలవ నీళ్ళన్నీ గులకరాళ్ళ గుంటల్లోకి వదిలి ఇంకించాం. ఎంత ఇంకించామో అంతే తోడుకుంటే వందేళ్ళు తాగొచ్చు. మీవాళ్ళు రెండింతలు తోడుతున్నారు. పగలంతా నిద్రపోతున్నావా ఏంటి నువ్వు?”

ఆ ఆదివారం బడి ముందు ఊరందర్నీ పిలిచి కూర్చోబెట్టారు. మా డైరెక్టరు నగరం మనిషి. గొట్టం పెట్టినవాడికి జరిమానా వేస్తానన్నాడు. ఊరు గోల గోల చేసింది. అప్పుడు మా బావగారు లేచారు. మా ఆయనకి పెద్దన్నగారు, రిటైరైన హెడ్మాస్టరు, ఊరి పెద్దల సభకి ఈయనే పెద్ద. ఆయన లేచి నిలబడితే పసిపిల్లలు కూడా ఏడుపు ఆపుతారు.

“జరిమానా కట్టి మళ్ళీ గొట్టం పెడతారు బాబూ,” అన్నారాయన డైరెక్టరుతో. “మావాళ్ళు భయపడేది పరువుకి. ప్రతి శనివారం పొద్దున ఇక్కడే, నీళ్ళు దొంగిలించినవాడి పేరు అందరి ముందూ పైకి చదవండి. చదివిన పేరుకి మర్నాడే పైపులో సన్న కన్నం బిళ్ళ బిగించండి. తాగడానికీ వండుకోడానికీ సన్నగా వస్తే చాలు. చదవని పేరు జోలికి మాత్రం పోవద్దు.”

డైరెక్టరు మొహం వెలిగిపోయింది.

“ఒక్క షరతు,” అన్నారు బావగారు. “కళ్ళతో చూసిన మనిషే నోటితో చదవాలి. ఒకళ్ళు చూసి ఇంకొకళ్ళు చదివితే అది చాడీ అవుతుంది.”

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంటికొచ్చి తలగుడ్డ మేకుకి తగిలిస్తుంటే అప్పుడు వెలిగింది నాకు. ఊళ్ళో గొట్టాలు చూసే మనిషిని నేనొక్కదాన్నే. పై వీధిలో మా ఇల్లు పోను పదిహేడు ఇళ్ళుంటే పదిహేడూ మా ఆయన వంశమే, అన్నీ ఆయన కన్నా పెద్దవాళ్ళవే. మాలో కోడలు అత్తవారి వైపు పెద్దల పేరు నోట పలకదు. మా అత్తగారి బావ ఒకాయన పేరులో గొర్రె అన్న మాట ఉందట. ఆయన పోయి ముప్ఫై ఏళ్ళయినా ఆవిడ ఈనాటికీ గొర్రెని ‘మే అనేది’ అంటుంది, గొర్రె మాంసాన్ని ‘మే అనేదాని కూర’ అంటుంది. అలాంటి ఇంటి కోడలు బడి ముందు నిలబడి ఆ పదిహేడు ఇళ్ళ పేర్లు చదవాలి. బావగారికి అది తెలుసు. తెలిసే ఆ షరతు పెట్టారు. చప్పట్లు కొట్టిన నా రెండు చేతులూ నరుక్కుందామనిపించింది.

మొదటి మూడు శనివారాలూ కలిపి తొమ్మిది పేర్లు చదివాను. తొమ్మిదీ కింది వీధివే. తర్వాత వచ్చి స్థిరపడ్డవాళ్ళు ఉండే వీధి అది. పైపు చివర ఉంటారు కాబట్టి వాళ్ళ కుళాయిలో నీళ్ళు మామూలుగానే అంతంత మాత్రం. తొమ్మిదో పేరు బూరుల్‌ది. చంటిపిల్ల తల్లి, మొగుడు పశువుల వెంట కొండ మీద ఉన్నాడు. దోసపాదుకి గొట్టం పెట్టింది, నేను చూశాను, చదివాను. మర్నాడు దాని పైపులో బిళ్ళ పడింది. పై వీధి తోటలన్నీ తాగి వదిలిన నీళ్ళు కదా, ఆ బిళ్ళలోంచి చుక్క కూడా రాలేదు.

సోమవారం అది పాల క్యాన్లు తోపుడుబండి మీద పెట్టుకుని బోరు దగ్గరికి వస్తూ దారిలో నన్ను ఆపింది.

“అనార్‌కానక్కా, ఒక సంగతి అడగనా?”

“అడుగు.”

“పై వీధిలో రోజూ వాన పడుతోందా ఏంటి? కాలవ రాలేదు, కుళాయి వాడట్లేదు, మరి తోటలు అంత పచ్చగా ఎలా ఉన్నాయి? మీ అత్తారి వాళ్ళు ఉచ్చ పోసి పెంచుతున్నారా?”

“నోరు జాగ్రత్త, బూరుల్.”

“నా నోరు బానే ఉంది. పనిచెయ్యంది నీ నోరు.” అని క్యాన్ మూత తీసి అడుగున మిగిలిన బురదనీళ్ళు నా చెప్పుల మీద కుమ్మరించింది. “ఇది కూడా రాసుకో. వచ్చే శనివారం చదువుదువుగాని.”

చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. కానీ అది అన్నదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. కుళాయి దగ్గర చెప్పులు కడుక్కోవడానికి కూడా సిగ్గేసి అలాగే ఇంటికి వెళ్ళాను.

బావగారి తోట మా ఇంటికి ఎదురుగానే. అరెకరం రాస్ప్‌బెర్రీ, ముప్ఫై ఏళ్ళుగా చేత్తో పెంచిన మొక్కలు. ఆయన చేసిన జామ్ ఆ వంశంలో ప్రతి ఇంటికీ చలికాలం చేరుతుంది. జూలైలో ఒక పొద్దున మీటరు చూడటానికి వెళ్తే మొక్కల మొదట్లో రెండు నల్ల గొట్టాలు దర్జాగా పారుతున్నాయి. కనీసం ఆకులు కప్పి దాచాలన్న మర్యాద కూడా పాటించలేదు. ఆయన మడత కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు.

“రామ్మా రా. కొత్త జామ్ ఉంది, రొట్టెతో తింటావా?”

“బావగారూ, రెండు గొట్టాలు పారుతున్నాయి.”

“రెండే? మూడోది వెనకాల ఉంది, చూడలేదా?”

నేను పుస్తకం తీశాను.

“రాసుకో, రాసుకో. రాయడానికి అడ్డేముంది? రాతకి నోరు లేదుగా.” కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “చూడమ్మా, ముప్ఫై ఏళ్ళ మొక్క ఇది. ఒక్క వేసవి ఎండితే మళ్ళీ లేవదు. బోరుదేముంది, ఇది పోతే ఇంకోటి వేస్తారు. పైన ఏ పెద్దాఫీసరో ఈతకొలను నింపుకుంటూ ఉంటాడు, మనం మొక్కకి నాలుగు నీళ్ళు పోసుకుంటే దొంగలమా?”

“ఈతకొలను ఎక్కడుందో చూపించండి, అదీ రాస్తాను. కింది వీధికి తాగడానికి లేవు, బావగారూ.”

“కింది వీధివాళ్ళు మనకేమవుతారు?”

ఆ మాట ఆయన కోపంగా అనలేదు. నిజంగానే అడిగారు, బళ్ళో పిల్లని లెక్క అడిగినట్టు. ఇరవై రెండేళ్ళు తల వంచి సలాం చెప్పిన మనిషి మీద నాకు ఆ పొద్దున అసహ్యం పుట్టింది. మళ్ళీ పోలేదు.

ఇంట్లో ఆ సంగతి ఎత్తకుండా ఉండాల్సింది. ఉండలేకపోయాను. భోజనాల దగ్గర మా ఆయనతో అన్నాను, మీ అన్నకి మీరైనా చెప్పండి అని.

“నేనా? ఆయన నన్ను భుజాన వేసుకుని పెంచాడే!”

“అయితే నేను చదువుతాను.”

రొట్టె తుంచుతున్న అత్తగారి చెయ్యి ఆగిపోయింది.

“ఏం చదువుతావే?”

“పేరు, అత్తయ్యా.”

“ఎవరి పేరు?”

ఆ పేరు నేను చెప్పలేననే ఆవిడ అడిగింది.

“చూశావా, ఇక్కడే రావట్లేదు నోట, బడి ముందు వస్తుందా?” అంది ఆవిడ. “ముందే ఆ మాయదారి ఉద్యోగం కోసం మన టమాటా మడి ఎండబెట్టావు, ఊరుకున్నా. విను కోడలా. నిన్ను నా కూతురి కన్నా ఎక్కువ చూసుకున్నా, అబద్ధమైతే చెప్పు. కానీ నా పెద్ద కొడుకు పేరు నీ నోటెంట వచ్చిన రోజున నువ్వీ ఇంటి కోడలివి కావు. గెంటను, కొట్టను. కోడలివి కావు, అంతే.”

“అత్తయ్యా, ఆ బోరు పోతే మనకీ నీళ్ళుండవు.”

“ఉండకపోతే మంచు కరిగించుకు తాగాం, మళ్ళీ తాగుతాం. నువ్వు రాకముందు ఈ ఇంట్లో మనుషులు బతకలేదేంటి?”

మా ఆయన పళ్ళెం మీంచి తల ఎత్తలేదు. పిరికితనానికి ఇంత మంచి ఆకలి ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు ఈనాటికీ అర్థం కాదు.

మర్నాడు డైరెక్టరు దగ్గరికి వెళ్ళాను. పై వీధిని ఇంకో ఊరి కంట్రోలరుకి ఇవ్వమన్నాను. కారణం చెప్తే పగలబడి నవ్వాడు.

“పేరు పలకరా? ఈ కాలంలోనా? అనార్‌కాన్, మీ ఇళ్ళల్లో గోల నాకొద్దు. ఇంకో మనిషి నా దగ్గర లేదు. షరతు రాతలో ఉంది, నేనూ సంతకం పెట్టాను, మీ బావగారూ పెట్టారు.”

ఆగస్టు వచ్చేసరికి మా సంస్థ మూడో బోరుని రోజు విడిచి రోజు ఆపడం మొదలుపెట్టింది. నేలకి ఊపిరి తీసుకునే టైమివ్వాలి అనేది వేరా స్తెపానోవ్నా. ఆపే రోజు కోసం పై వీధి వాళ్ళు ముందురోజే తొట్లు నింపి పెట్టుకుని, పారిన రోజు రెండింతలు పట్టారు. కింది వీధి వాళ్ళకి రెండు రోజులూ ఒకటే అయింది. ఒకరోజు పొద్దున్నే మా గేటు మీద ఎవరో పేడ కొట్టారు. అత్తగారు అది కడగకుండా నాకోసం అట్టే పెట్టింది.

శుక్రవారం వేరా స్తెపానోవ్నా టేపు దింపుతూ నన్ను కూడా చెవి ఆనించమంది. లోపల చల్లగా ఉంది. టేపు దిగుతూనే ఉంది. ఎంతసేపటికో, ఎక్కడో చాలా కింద టప్పుమంది.

“ఎంత?” అన్నాను.

“నువ్వే చూడు.”

నలభై నాలుగు పాయింట్ ఏడు.

“వచ్చే శుక్రవారానికి ఇసకొస్తుంది,” అందావిడ టేపు చుడుతూ. “నేను రిటైరై పోతా. నువ్వు ఆ తర్వాత ఎన్ని పేర్లు చదివినా ఎవరికీ పనికిరావు.”

“మీకేం తెలుసు మా ఇళ్ళ సంగతి?”

“తెలీదు. తెలుసుకోను కూడా. నాకు తెలిసింది ఈ అంకె.” మోకాళ్ళ మట్టి దులుపుకుని, నా వైపు చూడకుండానే వెళ్ళిపోయింది.

శనివారం బడి ముందు జనం కిక్కిరిశారు. కింది వీధి వాళ్ళు నిలబడి ఉన్నారు. పై వీధి పెద్దలు ముందు వరస బెంచీల మీద తెల్లటి ఎత్తు టోపీలు పెట్టుకుని కూర్చున్నారు. మధ్యలో బావగారు, ఆయన పక్కన మా ఆయన, కొంచెం వెనకాల ఆడవాళ్ళలో అత్తగారు. నేను కాగితం తెరవగానే వెనక నుంచి బూరుల్ అరిచింది.

“మాకు బట్టీ వచ్చేసిందిలే అక్కా, మా పేర్లు మేమే చదువుకుంటాం, నువ్వు ఇంటికెళ్ళి టీ కాచుకో!”

అందరూ నవ్వారు. బావగారు కూడా నవ్వారు.

కాగితంలో పదకొండు పేర్లున్నాయి. ఏ వరసలో చదవాలో ముందు రాత్రే రాసుకున్నాను, చిన్న వాళ్ళతో మొదలుపెడదామని. బావగారి నవ్వు చూశాక కాగితం తిరగేసి చివరి పేరు దగ్గర వేలు పెట్టాను. సంస్థ లెక్కలో ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు మూడూ ఉండాలి.

“మాంబెతోవ్ కాసిమాలీ సరిబాయెవిచ్,” అని చదివాను. “పై వీధి, నాలుగో నంబరు ఇల్లు. మూడు గొట్టాలు. జూలై ఎనిమిది, జూలై పంతొమ్మిది, ఆగస్టు మూడు.”

సరిబాయ్ అంటే మా మామగారు. ఆయన పేరు కూడా అప్పుడే మొదటిసారి నా నోట వచ్చింది. ఎవరూ నవ్వలేదు. తర్వాతి పేరు చదివాను, ఆ తర్వాతిది చదివాను. అయిదో పేరు దగ్గర అత్తగారు తలగుడ్డ కొంగు మొహం మీదకి లాక్కుని లేచి, జనాన్ని తోసుకుంటూ వెళ్ళిపోయింది. బావగారు కదల్లేదు. పదకొండూ అయ్యేదాకా నా మొహం వైపే చూస్తూ కూర్చున్నారు. మా ఆయన తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

మర్నాడు పదకొండు పైపుల్లో బిళ్ళలు పడ్డాయి. మిగిలిన ఆరిళ్ళ వాళ్ళు, ఆయన్నే వదలని మనిషి మనల్ని వదుల్తుందా అని గొట్టాలు చుట్టి షెడ్లలో పారేశారు. తర్వాతి శుక్రవారం నలభై నాలుగు పాయింట్ అయిదు. ఇంకో వారానికి నలభై నాలుగు. వేరా స్తెపానోవ్నా “ఊఁ” అంది, అంతే. రాస్ప్‌బెర్రీ మొక్కలు ముందు అంచుల్లో ఎండాయి, తర్వాత పైనుంచి కిందికి ఎండాయి. వాటిని చూసినప్పుడల్లా బాధేసింది. ఆ మొక్కలు నన్నేమీ అనలేదు.

కింది వీధి కుళాయిల్లో నీళ్ళొచ్చాయి. బూరుల్ ఎదురుపడితే మంచి మాట ఒకటి అంటుందేమోనని నేను ఎదురు చూడలేదని చెప్తే అబద్ధం.

“రెండు నెలలు పట్టిందా నీకు?” అంది చంటిదాన్ని చంక మార్చుకుంటూ. “నా పాలు ఇంకిపోయాక చదివావు.”

ఇంట్లోంచి ఎవరూ గెంటలేదు. సంచి సర్దుకుని రెండు రోజులు కూర్చున్నాను కూడా. నేను వండింది తిన్నారు, ఉతికింది కట్టుకున్నారు. మా ఆయన ఉప్పు అడగాల్సి వస్తే ఉప్పు డబ్బా వైపు చూసేవాడు.

సెప్టెంబరు చివర, పోయిన మా మామగారి పేరిట ఖురాను చదివించి భోజనాలు పెట్టారు. వంశమంతా మా ఇంటికే వచ్చింది. నూనెలో రొట్టెలు వేయించి, మాంసం ఉడికించి, నేను అలవాటుగా గుమ్మం పక్కన టీకి నీళ్ళు మరిగే సమోవర్ దగ్గరికి నడిచాను. కోడలు కూర్చునే చోటు అది. ఇరవై రెండేళ్ళు అక్కడ కూర్చునే అందరికీ టీ పోశాను. అప్పటికే అక్కడ మా బావగారి చిన్న కోడలు కూర్చుని ఉంది. నన్ను చూసి తల దించుకుంది.

అత్తగారు లేచి వచ్చింది. నా మోచెయ్యి పట్టుకుని, గదిలో గుమ్మానికి ఎదురుగా, బయటివాళ్ళు వస్తే కూర్చోబెట్టే పై చోటికి నడిపించింది. పట్టు పరుపు వేసి ఉంది. పక్కనే బావగారు.

“మీరిక్కడ కూర్చోండి, అనార్‌కాన్ సాతారోవ్నా,” అంది, ఆఫీసు వాళ్ళలా మా నాన్న పేరు కూడా కలిపి.

ఆవిడ నన్ను ఎన్నడూ మీరు అనలేదు. పేరు పెట్టి కూడా పిలవలేదు, ఏమే అనేది, కోడలా అనేది, పిల్లా అనేది. నేను కూర్చున్నాను. బావగారు రొట్టె తుంచి, అందరి కన్నా ముందు నా ముందు పెట్టారు. “తీసుకోండి,” అన్నారు చాలా మర్యాదగా. మా ఆయన అవతల వరసలో చిన్నవాళ్ళ మధ్య కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు.

అత్తగారు చిన్న కోడలి చేతిలోంచి టీ కూజా తీసుకుని నా కప్పు తనే నింపింది. మా దగ్గర కావలసినవాళ్ళకి సగమే పోస్తాం, మళ్ళీ మళ్ళీ పోయొచ్చని. నిండా పోస్తే తాగి బయల్దేరమని. కప్పు అంచు దాకా నిండింది. గదిలో అందరూ అది చూశారు. పైకెత్తితే చెయ్యి కాలింది.

ఆపకుండా తాగాను. ఖాళీ కప్పు ఆవిడ ముందుకి చాపాను.

“ఇంకొంచెం పొయ్యండి, అత్తయ్యా.”